ఇరవై రెండు స్లీపర్ల వంకర

తబూక్ – అల్ ఉలా దారిలో క్యాంపు,
నవంబరు 4, 2024

బావకు దేవన్న నమస్కారాలు.

నీ చెవులకు ఇక మందు లేదని నిజామాబాద్ డాక్టరు చేతులెత్తేశాడట, అక్క చెప్పింది. ఫోన్లో నేనెంత అరిచినా పక్క గదిలోవాళ్లు నిద్ర లేస్తున్నారు గాని నీకు మాత్రం వినపడటం లేదు. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి మీ శ్రీలత ఫోనుకు పంపుతున్నాను. అచ్చు తీయించి నీ చేతిలో పెడుతుంది. పెద్దక్షరాలతో రాశాను, కళ్లజోడు దొరకలేదని సాకు చెప్పకు.

సంగతి చెబితే మంచం మీంచి లేచి కూర్చుంటావు. నాకు రైల్వే పని దొరికింది. నవ్వకు బావా! ఇరవై ఏళ్లు రియాద్‌లో, జిజాన్‌లో సెంట్రింగు చెక్కలు మోసిన ఈ చేతులు మళ్లీ పట్టా మీద పడ్డాయి. ఇక్కడ ఎడారిలో వందేళ్లు దాటిన రైలు స్టేషను ఒకటి ఉంది. రాతి గోడలు, కప్పు సగం పోయింది. చూడటానికి వచ్చేవాళ్ల కోసం దాన్ని బాగు చేస్తున్నారు. మమ్మల్ని గోడల పనికే తెచ్చారు. మా డ్రైవరు గౌస్ మొహిద్దీన్ మన బోధన్ మనిషే. అరబ్బీ బాగా వచ్చు కాబట్టి సాహెబుల మాట మాకు, మా మాట సాహెబులకు చెప్పేదీ అతనే. ఒకరోజు వచ్చి "పట్టాల పని ఎరికున్నోళ్లు ఎవరన్నా ఉన్నరా?" అని అడిగాడు. అతను నోరు మూయకముందే నా చెయ్యి లేచింది.

స్టేషను ముందు ఒక మూడు వందల మీటర్ల లైను మిగిలింది. అటూ ఇటూ ఉన్నదంతా జనం ఎప్పుడో పీక్కుపోయి ఇళ్లకు దూలాలు వేసుకున్నారు. స్లీపర్లు ఇనుపవి. గేజి కొలిస్తే మన పాత మీటరు గేజి కంటే రెండంగుళాలు ఎక్కువ. ఆ రెండంగుళాలు ఎందుకో నీకేమైనా తెలుసా?

మా పెద్ద ఇంజనీరు నాదియా మేడం. డమాస్కస్ ఆవిడ. తుర్కీ సుల్తాను ఏలే రోజుల్లో డమాస్కస్ నుంచి మదీనా దాకా ఒకటే లైనట, హజ్ యాత్రికుల కోసం వేశారట. మన హైదరాబాదు నుంచి కూడా చందాలు వచ్చాయట. మా ముత్తాత కూడా ఇచ్చాడని గౌస్ ఛాతీ విరుచుకుంటాడు. తర్వాత పెద్ద యుద్ధం వచ్చి సుల్తాను రాజ్యం ముక్కలైంది. దానితో లైనూ ముక్కలైంది. డమాస్కస్ వర్క్‌షాపు సిరియా వాటాకు పోయింది, నడిమి ముక్క జోర్డానుకు, ఈ చివరి ముక్క ఇక్కడ. అరవైల్లో మళ్లీ కలుపుదామని మొదలుపెడితే ఇంకో యుద్ధం వచ్చి అదీ ఆగిపోయింది. మేడం ముత్తాత ఆ వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన బాగు చేసి ఇటు పంపిన ఆఖరి ఇంజను తిరిగి రాలేదని ఆయన చనిపోయేదాకా చెప్పుకునేవాడట. ఆ మాట చెబుతూ ఆవిడ పట్టా మీద దుమ్ము చేత్తో తుడిచింది. నాకు నువ్వు గుర్తొచ్చావు.

అక్కకు చెప్పు, చలికి స్వెట్టరు కొనుక్కున్నాను.

నీ బామ్మర్ది,
దేవన్న

·

నవీపేట,
నవంబరు 13

చిరంజీవి దేవన్నకు పోశెట్టి ఆశీస్సులు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి మీ అక్క లాక్కుని పోపుల డబ్బా మీద పెట్టింది, ఇప్పుడు దాని మీద నూనె మరక. ఈ కాగితం ఫొటో తీయమంటే శ్రీలత "నాయినా, నీ రాత కోడి గీకినట్టుంది" అంటోంది. ముప్పై ఎనిమిదేళ్లు రైల్వేకు సేవ చేసిన చెయ్యిరా ఇది.

రెండంగుళాలు ఎందుకో నాకెట్లా తెలుస్తుంది? నన్నేమన్నా తుర్కీ సుల్తాను అడిగి వేశాడా? కాని నువ్వు రాసిన మిగతా ముచ్చటకు నాకు నిద్ర పట్టలేదు. మా తాత నిజాం రైల్వేలో గ్యాంగ్‌మ్యాన్. నిజాం రాజ్యం పోయింది, పట్టాల మీద ఆయన రైల్వే అక్షరాలు మాత్రం మా నాయిన కాలం దాకా ఉన్నాయి. తర్వాత రాష్ట్రాలు పంచారు. లైను సగం మహారాష్ట్రలో పడింది, సగం మనవైపు. బోర్డులు మారాయి, సాహెబులు మారారు, జీతం కాగితం మీద ముద్ర మారింది. బండి మాత్రం మన్మాడ్ దాకా ఎప్పటిలాగే పోయింది. అదే ముద్‌ఖేడ్ అవతల హద్దు గీసి దేశమే రెండయి ఉంటే? మా తాత గడ్డపార భుజాన వేసుకుని ఇంటికి వచ్చేవాడు. నువ్వు రాసేదాకా నాకీ ఆలోచనే రాలేదు. మన అదృష్టం మనకు తెలియలేదు.

సరే, అసలు ముచ్చట. లైను ఎట్లా ఉంది? వంగి, ఒక కన్ను మూసి, పట్టా వెంట చూశావా? గీత గీసినట్టు ఉందా, పాము పాకినట్టు ఉందా? వంకర ఉంటే చూస్తూ ఊరుకోకు. ఆ మేడంకు నవీపేట గ్యాంగు పని అంటే ఏమిటో తెలియాలి. వంకర చూసి నిద్రపోయేవాడు గ్యాంగ్‌మ్యానే కాదు.

నీ బావ

·

క్యాంపు,
డిసెంబరు 6

బావకు నమస్కారం.

ఇక్కడ అంతా బాగే. చలి బాగా పెరిగింది. పొద్దున నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మెస్సులో కేరళ వంటవాడు మారాడు, కొత్తవాడు చారులో బెల్లం వేస్తున్నాడు. నిన్న గాలి దుమ్ము లేచింది. అక్క మోకాలు ఎట్లా ఉంది? శ్రీలత పాఠాలు చెప్పే బడిలో పరీక్షలా?

పని నడుస్తోంది.

దేవన్న

·

నవీపేట,
డిసెంబరు 9

దేవన్నా,

చలి, చారు, దుమ్ము, మోకాలు. పట్టా గురించి ఒక్క ముక్క లేదు. మొన్న నాలుగు పేజీలు దాని మీదే రాసినవాడివి.

నిన్ను పన్నెండేళ్ల వయసు నుంచి చూస్తున్నాను. నా సైకిలు చక్రం వంచిన రోజు కూడా ఇంటికొచ్చి "బావా, ఇయ్యాల ఎండ బాగుందే" అన్నావు. ఏం విరగ్గొట్టావో రాయి. మీ అక్కకు చూపించను. శ్రీలతకు కూడా, చదవకుండా అచ్చు తీయించుకురమ్మని చెప్పాను. చదువుతుందనుకో, అయినా చెప్పాను.

బావ

·

క్యాంపు,
డిసెంబరు 13

బావా,

విరగ్గొట్టలేదు. సరిచేశాను. అదే తప్పయింది.

లైనులో ఒకచోట, సరిగ్గా ఇరవై రెండు స్లీపర్ల మేర, పట్టా పక్కకు జరిగి ఉండేది. నడుమ జానెడు పైనే వంకర. రోజూ దాని పక్క నుంచి పోతూ ఉంటే కంట్లో నలుసు పడ్డట్టు ఉండేది. నీ ఉత్తరం వచ్చాక ఇక ఆగలేకపోయాను. నీ మీద నెపం వేయడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. శుక్రవారం సెలవు. మేడం తబూక్ వెళ్లింది. మన జగిత్యాల, ఆర్మూరు వాళ్లు ఐదుగురిని వెంటేసుకుని, స్టోరులో గడ్డపారలు అడిగి తీసుకుని, నేను గ్యాంగు నడిపే మేటులాగా పట్టా మీద పడుకుని కన్ను పెట్టి చెయ్యి ఊపుతుంటే, వాళ్లు "జోర్ లగాకే హైస్సా" అని నెట్టారు. సాయంత్రానికి లైను దారం పట్టినట్టు వచ్చింది. బావా, నువ్వు చూస్తే మురిసిపోయేవాడివి. మేడం చూసి మెచ్చుకుంటుందని ఆ రోజంతా నవ్వుకుంటూనే ఉన్నాను.

శనివారం ఆవిడ వచ్చి చూసి, వంకర ఉన్న చోట కంకరను చేత్తో తడిమింది. తర్వాత గౌస్ చెప్పాడు. యుద్ధంలో ఆ చోట లైను పేల్చేశారట. తుర్కీ సిపాయిలు హడావిడిగా, చేతికందినట్టు అతికించి బండి పంపారట. ఈ లైను మీద మనిషి చేసిన ఆఖరి పని అదే. ఆ తర్వాత దేశం ముక్కలయింది, ఇక ఎవరూ ముట్టుకోలేదు. ఆ వంకర కోసమే ఆవిడ ఇక్కడికి వచ్చిందట, స్టేషను కోసం కాదు.

ఎవరు చేశారని అడిగారు. మేము ఆరుగురం తల వంచుకుని నిలబడ్డాం. స్టోరు చూసుకునే జమాల్ భాయ్ బంగ్లాదేశ్ మనిషి, నలుగురు పిల్లల తండ్రి. గడ్డపారలు నాకు ఇచ్చింది అతనే. దోస్తీ కొద్దీ సంతకం అడగలేదు. సామాను స్టోరులోది కాబట్టి తప్పు అతనిదే అని మేనేజరు తేల్చాడు. అతనికి ఎగ్జిట్ రాస్తున్నారు, ఇంటికి పంపేస్తారు. అతను నా వైపు ఒకసారి చూశాడు, నా పేరు మాత్రం చెప్పలేదు.

నేను నోరు విప్పితే నా ఎగ్జిట్. పోతే పోనీ అనుకుందామంటే, ఇరవై ఏళ్లకు చేతికొచ్చిన పట్టా బావా ఇది. మళ్లీ సెంట్రింగు చెక్కల్లోకి పోలేను. ఎవరికీ తెలియదు, ఐదుగురూ నా వాళ్లే. ఊరుకుంటే నెల రోజుల్లో అంతా మరిచిపోతారు. ఏం చెయ్యమంటావో చెప్పు. నువ్వు ఊరుకో అంటే ఊరుకుంటాను.

దేవన్న

·

నవీపేట,
డిసెంబరు 15

దేవన్నా,

నెల రోజుల్లో మరిచిపోరు. ఇరవై ఏళ్లయినా మరిచిపోరు. నాకు తెలుసు.

ముస్తరు పట్టీలోంచి నీ పేరు కొట్టేసి నిన్ను పనిలోంచి తీసేసిన రోజు గుర్తుందా? గేజి మార్చే పనుల్లో నువ్వు రోజుకూలీ గ్యాంగులో ఉన్నావు. ఖాయం చేసేవాళ్ల పేర్లు ఆ వారమే పై ఆఫీసుకు పోవాలి. యంచ ఊరి వంపు దగ్గర పట్టాల జాయింటులో రెండు బోల్టులు వదులుగా ఉన్నాయని, బండి ఊగిందని డ్రైవరు రాసిచ్చాడు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మధ్యాహ్నం అక్కడ పనిచేసింది మీ గ్యాంగు, జాయింటు మీద చెయ్యి వేసింది నువ్వు. రోజూ పొద్దున లైను వెంట నడిచి బోల్టులు చూసి బిగించాల్సింది నేను. ఇన్‌స్పెక్టరు నన్ను పిలిచి, "కీమాన్‌వి నువ్వు, పొద్దున చూశావా?" అని అడిగాడు. చూశాను సార్, బిగువుగానే ఉన్నాయి అన్నాను.

చూడలేదు. ఆ పొద్దున వాన. గేటు గుడిసెలో చాయ్ తాగుతూ కూర్చున్నాను. ఆ రెండు కిలోమీటర్లు నేను నడవనేలేదు. ఆ బోల్టులు ఎప్పటి నుంచి వదులయ్యాయో నాకు తెలియదు, నీ చేతుల్లో వదులు కాలేదని మాత్రం నాకు తెలుసు. నీ పని నేను నేర్పిందే కదా. నువ్వు నా ముందే నిలబడి ఏడుస్తున్నావు. నా నౌకరి పోతే మీ అక్క, పిల్ల రోడ్డున పడతారని లోపల లెక్క వేసుకున్నాను. నువ్వు చిన్నవాడివి, ఇంకో పని దొరుకుతుంది అనుకున్నాను. దొరికింది, ఎడారిలో. విమానం ఎక్కే రోజు నువ్వు నా కాళ్లకు మొక్కావు. ఆ మొక్కు నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

నీ అక్క ఇన్నేళ్లూ నువ్వు అజాగ్రత్తతో నౌకరి పోగొట్టుకున్నావనే అనుకుంటోంది. నేను పక్కన కూర్చుని విన్నాను, కాదని అనలేదు.

అందుకే చెబుతున్నాను. ఆ జమాల్ నీ వైపు చూసిన చూపు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. పోయి చెప్పు. నన్ను ఏమన్నా అను, పడతాను.

పోశెట్టి

·

క్యాంపు,
డిసెంబరు 17

ఉత్తరం అందింది.

దేవన్న

·

నవీపేట,
జనవరి 5

దేవన్నకు,

ఇరవై రోజులైంది. శ్రీలత ఫోను రోజుకు పదిసార్లు చూస్తున్నాను, విసుక్కుంటోంది.

మీ అక్కకు చెప్పాను. అంతా చెప్పాను. ఆమె చేతిలో చేట ఉంది, కింద పెట్టి లోపలికి పోయింది. అప్పటి నుంచి నాతో మాట లేదు. అన్నం పెడుతోంది, కాని పళ్లెం నా ముందు పెట్టి అటు తిరిగి నిలబడుతుంది. నా చెవులు పోయినందుకు మొదటిసారి బాధగా ఉంది. తిట్టినా వినపడదేమో అని దగ్గరికి పోయి కూర్చుంటున్నాను. తిట్టడం లేదు.

అక్కడ ఏమైందో ఒక్క ముక్క రాయి. నాకు కాకపోతే ఆమెకు రాయి.

పోశెట్టి

·

క్యాంపు,
జనవరి 16

బావా,

కోపంగానే రాస్తున్నాను, ముందే చెబుతున్నాను. నీ ఉత్తరం చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. ముప్పై దాటీ దాటని వయసులో "అజాగ్రత్త మనిషి" అన్న పేరు మోసుకుని వచ్చినవాణ్ని. అది నాదేనని నేనూ నమ్మాను బావా. ఆ బోల్టులు నేనే సరిగ్గా బిగించలేదేమోనని ఎన్నిసార్లు కలలో బిగించానో నీకు తెలియదు. అన్నిటికంటే అదే మండింది.

మూడో రోజు పోయి చెప్పాను. ఐదుగురి పేర్లూ చెప్పలేదు, చెయ్యి ఊపింది నేనే అన్నాను. మేనేజరు అరిచిన అరుపులు నీ చెవులకు కూడా వినపడేవి. జమాల్ బదులు నా పాస్‌పోర్టు బయటికి తీయమన్నాడు. అప్పుడు నేను నా నోటు బుక్కు మేడం ముందు పెట్టాను. లైను కదిలించే ముందు దారం పట్టి, ఒక్కొక్క స్లీపరు దగ్గర పట్టా దారానికి ఎంత దూరం ఉంది, ఎంత కుంగింది, ఎటు ఒరిగింది, ఇరవై రెండింటికీ రాసి పెట్టాను. అంకెలు తప్ప మిగతాదంతా తెలుగు. గౌస్ చదివి చెప్పాడు. ఆవిడ దగ్గర పాత ఫొటోలున్నాయి గాని కొలతలు లేవు. చాలాసేపు ఆ పేజీలు తిప్పుతూ కూర్చుని, "రాసిపెట్టుకోవాలని నీకు ఎవరు నేర్పారు?" అని అడిగింది.

మా బావ అన్నాను.

అబద్ధం కాదు. ముస్తరు నుంచి కొట్టేసిన రోజు నుంచి నేను రాసిపెట్టుకోకుండా ఒక్క మేకు కూడా పీకలేదు. ఇంకోసారి ఎవరైనా నువ్వే చేశావంటే చూపించడానికి నా దగ్గర కాగితం ఉండాలని. నువ్వు చేసింది మంచిదయిందని మాత్రం దీనికి అర్థం చెప్పుకోకు. అట్లా అనుకుంటే కొడతాను.

"కదిలించినవాళ్లే మళ్లీ ఎప్పటిలా పెట్టాలి, ఇంకెవరూ ముట్టుకోవద్దు" అని ఆవిడ మేనేజరుతో చెప్పింది. ఆ మాటకు ఐదుగురూ వాళ్లంతట వాళ్లే ముందుకొచ్చారు. మళ్లీ మేం ఆరుగురం, ఈసారి జమాల్ కూడా గడ్డపార పట్టాడు. సరిచేయడానికి ఒక్క పూట పట్టింది, వంకర చేయడానికి పదకొండు రోజులు. ఎంత కష్టమనుకున్నావు! చెయ్యి తనంతట తానే సరి వైపు పోతుంది. ఆర్మూరు రాజన్న అన్నాడు: "అన్నా, జిందగీల వంకర పని జెయ్యనీకి గింత తిప్పల పడుడు ఇదే ఫస్టు టైం." నవ్వలేక చచ్చాం. ఆఖరున మేడం ఫొటోలు పట్టుకుని వంగి, ఒక కన్ను మూసి చూసింది. రెండు వేళ్ల తేడా అంతే.

జమాల్ ఎగ్జిట్ రద్దయింది. నన్ను ఏం చేయాలో చాలా రోజులు తేలలేదు. నిన్న ఆవిడ పిలిచింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ మూడు వందల మీటర్లు నడిచి, ఎవరూ ఏదీ ముట్టుకోలేదని చూసి రాయాలట. అదే నా పని ఇక. కీమాన్‌ని బావా. బండి రాని లైనుకు, ఒక్క బోల్టు కూడా బిగించకూడని కీమాన్‌ని.

అక్కతో నేను ఫోన్లో మాట్లాడతాను. ఏమనాలో ఇంకా తెలియడం లేదు.

దేవన్న

·

నవీపేట
జనవరి 20

తమ్మీ దేవన్నా,

గౌరవ్వను రాస్తున్న. నా రాత నువ్వెన్నడు చూడలె. తప్పులుంటే నవ్వకు.

ఫోన్ల ఇద్దరం ఏడ్సుడే అయింది, అనేది అనలేకపోయిన. ఇరువై ఏండ్లు నిన్నే తిట్టిన. మా తమ్మునికి పని మీద సోయి లేదని ఊరందరితోని అన్న. నా నోరు పడిపోను. నువ్వు ఒక్కనాడు ఎదురు చెప్పలె. నాకు మాఫ్ చెయ్యి.

మీ బావ నీ ఉత్తరం చదివి కీమాన్ అన్న కాడ ఆగిండు. మల్ల ముందుకు పోలె. కాయితం మొకానికి అడ్డం పెట్టుకున్నడు. నేను చూడనట్టే కోడిపిల్లలకు నూకలు ఏసుకుంట నిలబడ్డ. తెల్లారి నేనే మాట్లాడిన. ఏం జేద్దు, నలుపై ఏండ్ల మొగడు.

ఆయన ఇగ నీకు రాయనంటున్నడు. రాసే మొకం లేదంటడు. మాఫ్ చేసినవా లేదా అని నిన్ను అడగడు, చచ్చినా అడగడు. నేను అడుగుతున్న. చేసినవంటే చేసినవని, లేదంటే లేదని ఒక్క ముక్క రాయి. ఏదైనా పర్వలేదు, ఆయన తిండి సరిగ తింటలేడు.

అక్క

·

క్యాంపు,
జనవరి 22

అక్కా,

నువ్వు మాఫ్ అడగడమేమిటి? ఆ మాట ఇంకోసారి అంటే నేను రాయడం మానేస్తాను. నీ రాత బావ రాత కంటే వెయ్యి రెట్లు నయం.

బావ సంగతి. ఉత్తరంలో మాఫ్ చేయడం నాకు చేతకావడం లేదు, నాలుగు కాగితాలు రాసి చింపేశాను. శ్రీలతతో చెప్పి ఆయనకు పాస్‌పోర్టు తీయించు. చూడటానికి వచ్చేవాళ్ల వీసాలు ఇక్కడ ఇస్తున్నారు, గౌస్ అన్నీ కనుక్కున్నాడు. ఎండలు ముదరకముందే పంపించు. ఒక పది రోజులు నా దగ్గర ఉండనీ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, నా పక్కన ఆ లైను వెంట నడవనీ. చాయ్ నడక అయినంకనే పోస్తానని చెప్పు.

తమ్ముడు